పొట్టోడి రేకు

వర్క్‌షాపులో అందరూ అతన్ని ముక్కోపి అనేవారు. మొహం మీద అనే దమ్ము ఎవరికీ లేదు కాబట్టి వెనకాల అనేవారు. అతనికి ఆ సంగతి తెలుసు, తెలిసీ ఊరుకునేవాడు. కోపం రావడం తప్పు కాదు, రావాల్సిన చోట రాకపోవడమే తప్పు అని అతని లెక్క. ఆ లెక్క సరైనదో కాదో ఈ కథ విని మీరే చెప్పండి.

అతని తండ్రికి సైకిళ్ళు బాగుచేసే కొట్టుండేది. గ్రీజు మరకల గోడ, పైకప్పుకి వేలాడే టైర్లు, నీళ్ళ తొట్టిలో బుడగలొదిలే ట్యూబులు. ఆ కొట్టులో నియమం ఒక్కటే, బాగుచేసినవాడే ముందు తొక్కాలి. బ్రేకు బిగించేసి "అయిపోయిందండీ, పట్టుకెళ్ళండి" అంటే తండ్రి ఒప్పుకునేవాడు కాదు. వీధి చివరి పల్లం దాకా తొక్కి, అక్కడ గట్టిగా బ్రేకు వేసి చూసి, అప్పుడు తెచ్చి ఇవ్వాలి. "పళ్ళు రాలితే ముందు మనవి రాలాలిరా" అనేవాడు ఆయన. కొడుక్కి పదేళ్ళు నిండకుండానే ముందు పన్ను సగం విరిగింది. ఆ సగం పన్నుతోనే పెద్దవాడయ్యాడు, ఆ సగం పన్నుతోనే వైమానిక దళంలో చేరి పైలట్ అయ్యాడు.

యుద్ధం మొదలైన ఏడాది అతను సరిహద్దు మీద ఎగిరాడు. ఒకసారి తోక సగం ఊడిపోయిన విమానాన్ని దారి పొడుగునా బండబూతులు తిడుతూ వెనక్కి తెచ్చాడు. తిట్లు ఆగితే విమానం కూడా ఆగిపోతుందేమోనని భయపడి చచ్చానని వెనక సీటువాడు తర్వాత చెప్పుకుని నవ్వేవాడు. దిగేటప్పుడు మాత్రం చక్రం విరిగింది, దాంతోపాటు ముక్కోపి మెడ ఎముకా చిట్లింది. ఆ తర్వాత మెడ ఎడమవైపు తిరగడం మానేసింది. మెడ తిరగనివాడు యుద్ధానికి పనికిరాడని ఆఫీసువాళ్ళు తేల్చి, అతన్ని మరమ్మతు వర్క్‌షాపుకి పరీక్ష పైలట్‌గా పంపారు.

అక్కడి పనేమిటంటే, దెబ్బతిని వచ్చిన విమానాలను మెకానిక్‌లు బాగుచేస్తారు, వాటిని మళ్ళీ యుద్ధానికి పంపేముందు ఇతను ఎక్కి చూడాలి. మిగతా పైలట్లు ఏది జరగకూడదని కోరుకుంటారో అది ఇతను కావాలని చేయాలి. గాల్లో ఇంజను ఆపాలి, తలకిందులు చేయాలి, ముక్కు నేలకు పెట్టి దూకించి మళ్ళీ పైకి లాగాలి. అన్నీ సరిగ్గా ఉంటే సంతకం పెట్టాలి. మొదటి రోజే తండ్రి కొట్టులోని నియమం ఇక్కడా పెట్టాడు. ఆఖరి బోల్టు ఎవరు బిగిస్తే వాళ్ళు తన వెనక సీట్లో కూర్చోవాలి. మెకానిక్‌లు శాపనార్థాలు పెట్టారు. ఒకడు కిందికి దిగి, ఉదయం తిన్నదంతా అక్కడే కక్కేశాడు. కానీ ఆ రోజు నుంచి బోల్టులన్నీ ఇంకో చుట్టు ఎక్కువే బిగిశాయి.

ఇంట్లో నలుగురు. రన్‌వేకి దగ్గర్లో రెండు గదుల మేడ, విమానం లేస్తే కిటికీ అద్దాలు గడగడలాడేవి. అతను, భార్య, అత్తగారు, సెలవులకు వచ్చి పడుకునే బావమరిది. బావమరిదిని ఇంట్లో పొట్టోడనేవారు. చిన్నప్పుడు నిజంగానే పొట్టి. తర్వాత ఎవరినీ అడక్కుండా తాటిచెట్టులా పెరిగి, వచ్చిన ప్రతిసారీ గుమ్మానికి తల కొట్టుకునేవాడు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది, బావ నోట విని వర్క్‌షాపులోనూ అదే పేరుతో పిలిచేవారు. బావని చూసే పైలట్ అయ్యాడు, బావ దగ్గరే మెలకువలు నేర్చుకున్నాడు.

"బావా, నీతో ఎగరడం కన్నా శత్రువుతో ఎగరడం నయం. వాడు కాలుస్తాడే గానీ తిట్టడు" అనేవాడు పొట్టోడు.

"తిట్టేవాడుంటేనే బతుకుతావురా. ఇంద, ముందు భోజనం చెయ్యి" అనేవాడు ముక్కోపి. వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. అది చెప్పుకునే అలవాటు ఇద్దరికీ లేదు.

వర్క్‌షాపుకి పై అధికారి ఒకాయన ఉండేవాడు. ఆయన బట్టల మీద మడత గానీ నూనె చుక్క గానీ ఎవరూ ఎరగరు, అందుకని ఇస్త్రీ సార్ అనేవారు. యుద్ధం ముదిరాక ఆయన ఒక ఉత్తర్వు ఇచ్చాడు. మెకానిక్‌లు చాలడం లేదు, వాళ్ళ పూట పనంతా ఆకాశంలో పోతోంది, కాబట్టి ఇకమీదట వెనక సీట్లో మనిషి బరువుకి సరిపడా ఇసుక బస్తా కడితే చాలు.

"బస్తాకి భయముండదు సార్" అన్నాడు ముక్కోపి. "వెనక భయపడేవాడు ఉంటేనే ఇక్కడ పని సరిగ్గా జరుగుతుంది."

"విమానానికి కావాల్సింది బరువయ్యా, భయం కాదు. చెప్పింది చెయ్యి."

అలా బస్తా వచ్చింది. మెకానిక్‌లు దానికి అల్లుడుగారని పేరు పెట్టారు. పని చేయదు, పలకదు, అయినా ఇద్దరు మనుషులు మోసుకెళ్ళి మర్యాదగా కూర్చోబెట్టి బెల్టు కట్టాలి. "అల్లుడుగారు ఎక్కారా?" "ఎక్కారు, అలకలో ఉన్నారు." ముక్కోపి కూడా నవ్వాడు. నవ్వొచ్చే సంగతే మరి.

అప్పుడే కొత్త రేకులు వచ్చాయి. పైలట్ తన ముందున్న స్టిక్‌ని వెనక్కి లాగితే ఒక కడ్డీ కదిలి తోకను తిప్పుతుంది, అప్పుడు ముక్కు పైకి లేస్తుంది. ఆ కడ్డీ వెనక సీటు ముందున్న నేల కిందుగా పోతుంది. దాని మీద పరిచే రేకు అది. లోహం కొరత కాబట్టి మునుపటికన్నా పల్చగా చేసి పంపారు. ముక్కోపి ఆ రేకులున్న విమానాలను అన్ని విధాలా ఎగరేసి చూశాడు. దూకించాడు, లాగాడు. వెనక అల్లుడుగారు బుద్ధిగా కూర్చున్నారు. ఏ తేడా కనబడలేదు. సంతకం పెట్టాడు.

అందులో ఒక విమానాన్ని తీసుకెళ్ళడానికి పొట్టోడే వచ్చాడు.

"సంతకం పెట్టావా బావా?"

"పెట్టాను పో."

"నువ్వు పెట్టాక ఇంక చూసేదేముంది" అని ఎక్కేశాడు.

వారం తిరక్కుండా కబురొచ్చింది. శత్రువుల వంతెన మీదికి పొట్టోడు విమానాన్ని దూకించాడు, బాంబు వేశాడు, కానీ విమానం మళ్ళీ పైకి లేవలేదు. ఒక్క తూటా కూడా తగల్లేదని పక్క విమానాలవాళ్ళు చూసి చెప్పారు. తిన్నగా వెళ్ళి కొండవాలుకు కొట్టుకుంది. వెనక సీట్లో ఉన్న కుర్రాడూ పోయాడు. విచారణ చేసింది ఇస్త్రీ సారే. తలుపులు మూసుకుని ఒక్క పూటలో తేల్చేశాడు. విమానం పరీక్షలో నెగ్గింది, కాబట్టి తప్పు పైలట్‌ది. నెగ్గిందనడానికి రుజువేమిటి? ముక్కోపి సంతకం.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఇక్కడ చచ్చినవాడికి ఉన్న కళ్ళు కూడా పీకేశారు. అదీ బావ సంతకంతో. ముక్కోపి విమానాలు నిలిపే హ్యాంగర్‌లోకి వెళ్ళి పనిముట్ల పెట్టెను ఒక్క తన్ను తన్నాడు. రెంచీలు నేలంతా దొర్లాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే ఏమొస్తుంది, కాలివేలు వాచింది అంతే.

ఇంటికి ఆఫీసు నుంచి మాట చేరింది, మీ అబ్బాయి పొరపాటు వల్ల ప్రమాదం జరిగిందని. అత్తగారు గట్టిగా ఏడవలేదు. ఆవిడ అసలే మెత్తని మనిషి, పనివాళ్ళని కూడా గట్టిగా పిలిచి ఎరగదు. కానీ రోజూ భోజనాల దగ్గర అల్లుడికి వడ్డిస్తూ మెల్లగా అడిగేది. "మావాడు ఏం తప్పు చేశాడు నాయనా? నీకు తెలిసే ఉంటుంది, చెప్పు."

అతను సగం అన్నంలోనే లేచి చెయ్యి కడుక్కునేవాడు. భార్య మొహం తిప్పుకుని గోడకేసి చూసేది. ఒకరోజు వెనక సీటు కుర్రాడి తల్లి వెతుక్కుంటూ వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. మెట్ల మీదే నిలబడి, "నీ కొడుక్కి చేతకాక నా కొడుకుని చంపాడు. చేతకానివాడు ఎక్కడమెందుకు?" అని, వచ్చిన దారినే దిగిపోయింది. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా అత్తగారు గుమ్మంలో నిలబడి చూసింది. 

పొట్టోడి సామాను పెట్టె తెచ్చుకోవడానికి అత్తగారూ అల్లుడూ వెళ్ళి, బస్సులో తిరిగొస్తున్నారు. పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. ఏదో కుక్క అడ్డమొచ్చినట్టుంది, డ్రైవరు సడన్‌గా బ్రేకు కొట్టాడు. జనమంతా ముందుకు తూలారు. ఆవిడ రెండు పాదాలూ నేలకు తన్నిపెట్టి, పెట్టెను గుండెకు హత్తుకుని నిలదొక్కుకుంది. ముక్కోపి ఆ పాదాలకేసే చూస్తూ ఉండిపోయాడు. చెప్పులు బస్సు నేలకి అతుక్కుపోయినట్టు ఉన్నాయి, మడమల దగ్గర నరాలు తేలాయి.

ఇసుక బస్తాకి కాళ్ళుండవు.

విమానాన్ని దూకించి పైకి లాగేటప్పుడు ఒంటి బరువు నాలుగింతలవుతుంది. బస్తా ఆ బరువంతా సీటు మీదే వేస్తుంది. మనిషి అలా కాదు, కాళ్ళు తన్నిపెడతాడు. ఆ కాళ్ళ కింద పల్చటి రేకు ఉంది, రేకు కింద కడ్డీ ఉంది. రేకు వంగి కడ్డీని నొక్కితే స్టిక్ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. మనిషి వెనక కూర్చుని ఉంటే ఈ సంగతి మొదటి రోజే బయటపడేది.

మర్నాడు ఇస్త్రీ సార్ దగ్గరికి వెళ్ళి మనిషిని ఎక్కించుకుంటానని అడిగాడు. ఆయన కుదరదన్నాడు. రేకు సంగతీ కాళ్ళ సంగతీ ముక్కోపి విడమరిచి చెప్పాడు. ఆయన గడియారం చూసుకున్నాడు. గోడకి చెప్పినా కాస్త ప్రతిధ్వని వినిపిస్తుంది. ముక్కోపి అప్పటికి బయటికి వచ్చేశాడు. ఆగాడు. ఆయన హ్యాంగర్‌లో తనిఖీకి వచ్చేదాకా ఆగి, మెకానిక్‌లందరూ పనాపి చూస్తుండగా దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"విమానంలో ఏ లోపమూ లేదని తేల్చారు కదా సార్?"

"తేల్చాను. అయితే?"

"అయితే అదే రేకున్న ఈ విమానంలో మీరే వెనక ఎక్కండి. లోపం లేని విమానం ఎక్కడానికి భయమెందుకు?"

 ఆయన మింగలేక కక్కలేక అటూ ఇటూ చూశాడు. ఎవరూ చూపు తిప్పలేదు. అల్లుడుగారి బెల్టు విప్పుతూ ఒక ఫిట్టరమ్మ, "రండి సార్, సీటు ఖాళీ చేశాం" అంది. ఇంక ఎక్కక తప్పలేదు.

బాగా పైకి తీసుకెళ్ళాడు. అక్కడి నుంచి ఊరు చదును చేసిన పొలంలా ఉంది. "చూశావా, బాగానే ఉంది" అన్నాడు ఇస్త్రీ సార్ చెవిలోని ఫోనులో. ముక్కోపి విమానం ముక్కు కిందికి దించాడు. గాలి హోరెత్తింది. వేగం సరిపోయాక స్టిక్ వెనక్కి లాగాడు. సగం దాకా వచ్చింది. ముక్కు కాస్త లేచింది. ఆ మీదట స్టిక్ కదల్లేదు, రెండు చేతులతో లాగినా కదల్లేదు. నేల ఏటవాలుగా మీదికి వస్తోంది.

"లాగు! లాగవయ్యా!"

"లాగుతున్నాను సార్. రావడం లేదు. మావాడూ ఇలాగే లాగాడు."

"ఏదో ఒకటి చెయ్యి!"

"ఇప్పుడు తప్పెవరిది సార్? నాదేనా?"

వెనక నుంచి ఆయాసం ఒక్కటే వినిపించింది. ఆ ఒక్క క్షణం ముక్కోపికి ఆయన్ని అలాగే ఉంచేయాలనిపించింది. పొట్టోడు ఎంతసేపు లాగి ఉంటాడో అంతసేపూ ఉంచాలనిపించింది. అయినా ముందే అనుకున్న ఎత్తుకి రాగానే చెప్పేశాడు. "కాళ్ళు పైకెత్తండి సార్."

ఆయన ఎత్తలేదు. భయంతో బిగుసుకుపోయి ఇంకా గట్టిగా తన్నిపెట్టాడు. రోడ్డు మీద లారీ కనిపించింది, లారీ మీద తాడుతో కట్టిన పెట్టెలు కనిపించాయి.

"కాళ్ళెత్తరా వెధవా!"

కాళ్ళు లేచాయి. స్టిక్ వచ్చి పొట్టకి తగిలింది. విమానం చెట్ల మీదుగా పైకి లేచింది.

కింద ఇస్త్రీ సార్ నిచ్చెన పట్టుకుని దిగాడు.  దొంగకు తేలు కుట్టినట్టు గదికి వెళ్ళిపోయాడు. మెకానిక్‌లు వెనక సీటు కింది రేకు ఊడదీశారు. మధ్యలో సొట్ట పడి ఉంది, సొట్ట అడుగున కడ్డీ రాసుకున్న గీత మెరుస్తోంది. రేకు చేతులు మారింది. అందరూ ఆ గీత మీద వేలుపెట్టి చూశారు.

ఆ తర్వాత జరిగింది వినండి. మందం రేకులు ఆగమేఘాల మీద వచ్చాయి. బస్తా ఉత్తర్వు రద్దయింది. ప్రాణాలకు తెగించి తానే ఎగిరి లోపం కనిపెట్టినందుకు పై నుంచి మెప్పు వచ్చింది. ఎవరికనుకున్నారు? ఇస్త్రీ సార్‌కి! పొట్టోడి మీద రాసిన తీర్పులో మాత్రం ఒక్క అక్షరం కూడా మారలేదు. ముక్కోపి వెళ్ళి బల్ల ముందు నిలబడ్డాడు.

"తీర్పు మార్చండి సార్."

"మారిస్తే బస్తా ఎవరు పెట్టమన్నారని అడుగుతారు. యుద్ధం జరుగుతుంటే అలాంటి ప్రశ్నలు మంచివి కావయ్యా. లోపం దిద్దాం కదా. పోయినవాడికి పరువుతో పనేముంది?"

"ఉన్నవాళ్ళకుంది. ఇంట్లో ఒక తల్లి ఉంది. ఊళ్ళో ఇంకో తల్లి ఉంది."

"సర్దిచెప్పుకోండి."

ముక్కోపి బల్లను గుద్దిన గుద్దుకి టీ గ్లాసు ఎగిరి ఇస్త్రీ బట్టల మీద పడింది. ఆయన ఒంటి మీద మరక చూడటం అందరికీ అదే మొదటిసారి. రెండు రోజుల్లో శిక్ష వచ్చింది. పై అధికారిని గాల్లో వెధవా అన్నందుకు అతన్ని మళ్ళీ సరిహద్దుకు పంపారు. మెడ తిరగనివాడు యుద్ధానికి పనికిరాడని తేల్చిన ఆఫీసే పంపింది. మెడ తిరక్కపోతే మానె, కళ్ళున్నాయిగా అన్నారట.

బయల్దేరే రోజు అత్తగారితో చెప్పాడు. "అత్తయ్యా, మీవాడు ఏ తప్పూ చెయ్యలేదు. తప్పు విమానానిది. నేను కళ్ళారా చూశాను."

ఆవిడ అతని చెయ్యి నిమిరింది. "నువ్వు బావవి నాయనా, అలాగే అంటావు. వాళ్ళేమన్నారు?"

అతను పెట్టె భుజానికెత్తుకుని మెట్లు దిగాడు.

మిగతా యుద్ధమంతా ఎడమవైపు చూడలేని మెడతోనే ఎగిరాడు. వెనక సీటువాడు "ఎడమ, ఎడమ" అని అరిస్తే అటు తిప్పేవాడు. ఎక్కే ముందు ప్రతిసారీ వంగి వెనక సీటు కింద రేకుని గుప్పిటతో కొట్టి చూసేవాడు. రెండుసార్లు కాలిపోతున్న విమానాన్ని దించాడు. బతికి బయటపడ్డాడు. కోపం వల్లే బతికానని అనేవాడు, అబద్ధమని నేననుకోను.

యుద్ధం అయిపోయింది. తన సామాను తెచ్చుకోవడానికి వర్క్‌షాపుకి బయల్దేరుతుంటే అత్తగారు తానూ వస్తానంది. "మావాడు ఆఖరిసారి ఎక్కిన చోటు ఒక్కసారి చూస్తాను" అంది. హ్యాంగర్‌లో పాత మొహాలు ఒక్కటీ లేవు. విమానం కింద పడుకుని పనిచేస్తున్న ఒక ఫిట్టరు తోటివాడి మీద కేకలేస్తున్నాడు.

"పొట్టోడి రేకు బిగించావా లేదా? అది చూడకుండా ఎవణ్ణీ ఎక్కనివ్వను. తెలిసిందా?"

అత్తగారు ఆగిపోయింది. ముక్కోపి కూడా కదల్లేదు. ఆ మాట అతనూ ఎన్నడూ వినలేదు.

"ఎవరు బాబూ ఆ పొట్టోడు?" అని అడిగిందావిడ.

ఫిట్టరు కింద నుంచి బయటికి జరిగి చేతులు తుడుచుకున్నాడు. "ఎవరో పైలట్ అండీ. పొట్టిగా ఉండేవాడట, పాపం. రేకు వంగి స్టిక్ పట్టేసి చచ్చిపోతే, తప్పంతా ఆయనదేనని రాసేశారట. మేమిక్కడ పనిలో చేరిన రోజే ఇది చెప్తారు. ఏ వర్క్‌షాపుకి వెళ్ళినా ఈ రేకుని ఇలాగే అంటారండీ."

"పొట్టివాడు కాదు" అంది ఆవిడ. "మా గుమ్మం తగిలేది వాడి తలకి."

ఫిట్టరు లేచి నిలబడ్డాడు. చేతిలోని రెంచీని కింద పెట్టాడు. ఆవిడ అల్లుడి వైపు తిరిగింది.

"ఈ సంగతి ఆఫీసులో వాళ్ళకి తెలీదా నాయనా?"

"తెలుసత్తయ్యా."

"తెలిసీ అలాగే ఉంచారా?"

"తెలిసే ఉంచారు."

ఆవిడ మెడ మీద నరం తేలింది. ఆనాడు బస్సులో తన్నిపెట్టినట్టే రెండు పాదాలూ నేలకి తన్నిపెట్టి నిలబడింది. చేతిసంచి భుజానికి తగిలించుకుంది.

"ఆఫీసెక్కడ?"

"అత్తయ్యా, నన్ను చూస్తే లోపలికి రానివ్వరు."

"నిన్నెవరు రమ్మన్నారు? నువ్వు బయట నిలబడు. అడిగేది నేను. ఆ రాసిన మాట మార్పించుకుని, వాడి వెనక కూర్చున్న కుర్రాడి తల్లి ఇంటికి వెళ్ళాలి, పొద్దుపోతోంది. ఊ, నడు."

ఆవిడ గొంతు హ్యాంగర్ అంతా వినిపించింది. పని ఆపి అందరూ చూశారు. ముక్కోపి పెళ్ళయిన నాటి నుంచీ ఆ గొంతు అంత గట్టిగా వినలేదు. దారి చూపించడానికి కూడా పరిగెత్తాల్సి వచ్చింది. ఇస్త్రీ సార్ ఇంకా ఆ పాత గదిలోనే ఉన్నాడు, తలుపు వేసి ఉంది. ఆవిడ తట్టకుండా తోసుకుని లోపలికి వెళ్ళింది.